మాస్ ఎఫెక్ట్ మొదటి భాగాన్ని మధ్యలో వదిలి రెండోదానికి వెళ్ళవచ్చా?

ప్రశ్న:
బెంగళూరు మారతహళ్ళిలో ఉంటున్నాను. ఎస్.పి. రోడ్డులో కొన్న పాత గ్రాఫిక్స్ కార్డుతో, 2007లో వచ్చిన మాస్ ఎఫెక్ట్ అనే అంతరిక్ష వీడియో గేమ్ ఆడుతున్నాను. కథ బాగుంది గానీ, సంచిలో సామాను 150కి చేరగానే పనికిరాని తుపాకులను ఏరి ఓమ్నీజెల్‌గా (ఆటలో మరమ్మతులకూ తాళాలు తీయడానికీ వాడే పదార్థం) మార్చుకోవడంతోనే నిన్నటి సాయంత్రం గడిచిపోయింది. 2010 నాటి రెండో భాగానికి వెళ్ళిపోతే నష్టమేమైనా ఉందా అండీ?

జవాబు 1:
ఉందండి. (కథ కొంత చెప్పేస్తున్నాను, మన్నించండి.) వర్మైర్ అనే గ్రహం మీద మీతో గొడవకు దిగే మీ సహచరుడు రెక్స్‌ను ఒప్పించి బతికించుకుంటే, రెండో భాగంలో అతని సొంత గ్రహం టుచాంకాకు వెళ్ళినప్పుడు అతను తన తెగ నాయకుడిగా కనిపించి, పాత స్నేహితుడిలా మిమ్మల్ని పలకరిస్తాడు. మొదటి భాగంలో మీ ఆటను దాచిన సేవ్ ఫైలు లేకుండా రెండోది మొదలుపెడితే మామూలుగా అతను చనిపోయినట్టే ఆట లెక్కవేసుకుంటుంది.

జవాబు 2:
రెండోది మెరుగైన ఆటే గానీ, మెరుగైన రోల్ ప్లేయింగ్ ఆట (మన పాత్రను మనమే తీర్చిదిద్దుకుంటూ ఆడేది) అని నేను ఒప్పుకోను. మీరు విసుక్కుంటున్న ఆ సంచిని సరిచేయకుండా ఏకంగా తీసేశారు. వేడెక్కి, తనంతట చల్లారే తుపాకుల స్థానంలో, తూటాల్లా అయిపోయే థర్మల్ క్లిప్పులు పెట్టి, దాన్ని మామూలు కాల్పుల ఆటకు దగ్గర చేశారు. అయితే సహచరుల నమ్మకాన్ని సంపాదించే ఘట్టాలు మాత్రం అద్భుతం. మన అంతరిక్ష ఓడకు కవచం బలపరచకుండా ఆఖరి దాడికి వెళ్ళి, నేను జాక్ అనే సహచరిని పోగొట్టుకున్నాను.

ప్రశ్న అడిగినవారు:
నేనింకా వర్మైర్ చేరలేదు. అయితే రెక్స్ కోసం ఆగుతాను.