అప్‌డేట్: మారియో జంప్ ఆలస్యం – తప్పు టీవీది

సంక్రాంతికి విజయనగరం వచ్చి చిన్ననాటి వీడియో గేమ్ తగిలిస్తే, 1985 నాటి సూపర్ మారియో బటన్ నొక్కాక కాస్త ఆగి ఎగురుతున్నాడని, ప్రతి గోతిలో పడుతున్నాడని అడిగాను కదా. తేలిపోయింది. ఇక్కడి మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర రిపేరు చేసే గురువుగారు "ముందు పాత డబ్బా టీవీకి పెట్టి చూడండి బాబూ" అన్నారు. అటక మీదది దించాం. నొక్కగానే ఎగిరాడు! ఎల్‌ఈడీ టీవీ ఆ పాత సిగ్నల్‌ని పెద్ద తెరకు సాగదీసి, మెరుగులు దిద్ది చూపించేసరికి ఆలస్యమవుతోందట. మీలో ఒకరు చెప్పినట్టు ఎల్‌ఈడీ టీవీలో గేమ్ మోడ్ (ఆ మెరుగులు తగ్గించే సెట్టింగ్) పెడితే చాలావరకు తగ్గింది, థాంక్స్. కొత్త అడాప్టర్, గేమ్ రిమోట్ బటన్ల రబ్బర్లు మార్చడం దండగ. క్యాసెట్‌లో ఊదినందుకైతే, తడికి పిన్నులు పాడవుతాయని తిట్లు కూడా తిన్నాను. ప్రస్తుతం ఆట డబ్బా టీవీ మీదే. మా తమ్ముడు అందులోనూ గోతిలోనే పడుతున్నాడు.