మాయాబజార్ పెట్టెలో కృష్ణుడికి శకుని ఎందుకు కనిపించాడు?

సత్యనారాయణపురం చిన్నోడు:
ఆదివారం భోజనాలయ్యాక మా ఇంట్లో మాయాబజార్ పెట్టాం. ఎన్నోసారో లెక్క లేదు. ప్రియదర్శిని పెట్టె సీను రాగానే ఎనిమిదో తరగతి చదివే మా చెల్లెలు రిమోట్ లాక్కుని ఆపేసింది. ఆ పెట్టెలోకి ఎవరు చూస్తే వాళ్లకి ప్రియమైనదే కనబడాలి కదా. శశిరేఖకి అభిమన్యుడు కనిపించాడు, సరే. బలరాముడికి దుర్యోధనుడు, గదలో శిష్యుడు కాబట్టి అదీ సరే. శశిరేఖ తల్లి రేవతికి నగలు. కృష్ణుడికి మాత్రం శకుని! "అన్నయ్యా, వాళ్లిద్దరూ ఫ్రెండ్సా?" అంది. నాన్న "ముందు సినిమా చూడమ్మా" అని తప్పించుకున్నాడు. నాన్నమ్మ వక్క నములుతూ నవ్వి ఊరుకుంది. మీరు చెప్పండి. "అంతా ఆయన లీల" అని మాత్రం రాయొద్దు, అది నాన్న అప్పుడే వాడేశాడు.

బ్రాడీపేట 4/7:
ఇందులో అంత ఆలోచించేదేముందండీ. శకుని కౌరవుల పక్షాన కూర్చుని కౌరవుల్నే ముంచినవాడు. కౌరవులు శకుని తండ్రి సుబలుణ్ణీ కొడుకుల్నీ చెరలో పెట్టి తలా ఒక మెతుకు పెడితే, ఆ మెతుకులన్నీ ఒక్కడికే పెట్టి బతికించుకున్నారు. ఆ ఒక్కడు శకుని. తండ్రి ఎముకలతో పాచికలు చేయించుకున్నాడు. కృష్ణుడు చేయాల్సిన పని సగం ఆయనే చేసి పెడుతుంటే ప్రియుడు కాక ఏమవుతాడు?

కృష్ణలంక కరకట్ట:
అన్నా, నువ్వు చెప్పింది వేరే సినిమా. ఆ చెరసాల, ఆ ఎముకలు మనందరి కళ్లకి కట్టింది 1966లో వచ్చిన శ్రీకృష్ణ పాండవీయం. అందులో శకుని మన దాచేపల్లి ధూళిపాళ. మాయాబజార్ 1957 నాటిది, శకుని సీఎస్సార్. తర్వాత చూసిన శకునిని తెచ్చి ముందు సినిమాలో కూర్చోబెడుతున్నావు. ఇంకో మాట. వ్యాస భారతంలో ధర్మరాజు రాజసూయానికి వచ్చిన రాజుల్లో సుబలుడి పేరుంది. జూదం ఆ యాగం తర్వాతే. అంత దగ్గరి వరకూ నిక్షేపంగా తిరుగుతున్న మనిషి ఎముకలు పాచికల్లోకి ఎలా వచ్చాయి?

బ్రాడీపేట 4/7:
భలేవారే. అసలు శశిరేఖే వ్యాసుడిలో లేదు. అక్కడ అభిమన్యుడి పెళ్లాం ఉత్తర ఒక్కతే. సినిమా కథంతా జనం చెప్పుకున్నదైతే, శకుని పగకి మాత్రం వ్యాసుడి సంతకం కావాలా? పెళ్లి వంటల దగ్గర శర్మ, శాస్త్రి గోంగూర గురించి మాట్లాడతారు, అది ఏ పర్వంలో ఉందో చెప్పండి. (గుంటూరులో మాత్రం దాని మీద ఎవరికీ అనుమానం లేదు.)

కృష్ణలంక కరకట్ట:
సరే, వ్యాసుణ్ణి వదిలేద్దాం, సినిమాలోనే చూద్దాం. చివర్లో శకునిని సత్యపీఠం ఎక్కిస్తారు కదా. దాని మీద నిలబడ్డవాడు నిజమే కక్కాలి. ఆయన ఏం కక్కాడు? శశిరేఖని దుర్యోధనుడి కొడుక్కి చేసుకునే ఈ సంబంధం యాదవుల్ని పాండవులకి కాకుండా తమ వైపు తిప్పుకోవడానికి వేసిన ఎత్తు అన్నాడు. అంటే చివరిదాకా కౌరవుల మనిషే. కడుపులో అంత పగ ఉంటే అక్కడ బయటపడొద్దూ?

మంగళగిరి మాస్టారు:
నాయనలారా, ప్రియమంటే మీరు స్నేహం అనే అనుకుంటున్నారు. పోతన భాగవతం ఏడో స్కంధంలో నారదుడు చెబుతాడు: గోపికలు కామంతో, కంసుడు భయంతో, శిశుపాలుడి వంటివాళ్లు వైరంతో హరిని చేరారని. ద్వేషించేవాడు కూడా తలుచుకుంటూనే ఉంటాడు కదా. శకుని కనబడటంలో వింత లేదు.

కృష్ణలంక కరకట్ట:
మాస్టారూ, నమస్కారం. కానీ అది వాళ్లు ఆయన్ని తలుచుకోవడం. పెట్టెలోకి చూసింది ఆయన. పెట్టె శకుని చేతిలో ఉండి, కృష్ణుడు కనిపించి ఉంటే మీ మాటకి తిరుగు లేదు.

పాత ప్రొజెక్టర్:
మీరు పురాణం వైపు నుంచి వస్తున్నారు, నేను రీలు వైపు నుంచి వస్తాను. ఈ సినిమాలో పాండవులు ఒక్క ఫ్రేములో కూడా కనబడరు. గుర్తుందా? కథ నడిచేది వాళ్లు రాజ్యం పోగొట్టుకోవడం వల్ల, మనుషులు మాత్రం లేరు. మరి జూదాన్ని ద్వారకలోకి ఎలా తేవాలి? పెట్టెలో శకుని ముఖం చూపిస్తే చాలు, ఏదో జరగబోతోందని హాల్లో అందరికీ తెలిసిపోతుంది. మిగతావీ అంతే. బలరాముడికి దుర్యోధనుడు: రేపు కోపంగా హస్తినకి వెళ్లి పొగడ్తలకి పడిపోయి పిల్లనిస్తానని వస్తాడు. రేవతికి నగలు: ఆస్తి పోయిన అల్లుడు వద్దంటుంది. శశిరేఖకి అభిమన్యుడు: సరే సరి. రాబోయే సినిమా అంతా ఆ పెట్టెలో ముందే ఉంది. పింగళి నాగేంద్రరావు, కె.వి.రెడ్డి అంత పొదుపుగా కథ చెప్పారు. మనం వేదాంతం వెతుకుతున్నాం.

సత్యనారాయణపురం చిన్నోడు:
సార్, మీరు కథకి ఎందుకు కావాలో చెప్పారు. మా చెల్లి అడిగింది కృష్ణుడికి ఎందుకు ప్రియమని. రెండూ ఒకటి కాదుగా.

పాత ప్రొజెక్టర్:
మా గాంధీనగర్‌లో పదిహేనేళ్లు ఒక పేకాట బల్ల నడిచింది. అందులో నన్ను రోజూ ఓడించే పెద్దాయన ఒకడు ఉండేవాడు. నాకు పనికొచ్చే ముక్క ఒక్కటీ వదిలేవాడు కాదు, నేను దేనికోసం చూస్తున్నానో నా కళ్లని బట్టే పట్టేసేవాడు. ఇంటికొచ్చి తిట్టుకునేవాణ్ణి. సాయంత్రం ఐదయితే మాత్రం నా చూపు గుమ్మం వైపే, ఆయన వచ్చాడా లేదా అని. ఆయన రాని రోజు రెండాటలకే లేచిపోయేవాణ్ణి. సినిమాలో ఎత్తులు వేసేది ఇద్దరే, ఇటు కృష్ణుడు, అటు శకుని. మిగతావాళ్లంతా ముక్కలు. ఇంతకంటే నాకు తెలియదు బాబూ.

బ్రాడీపేట 4/7:
ఇది బాగుంది. అయినా నా ఎముకల పాచికలు నేను వదలను. సత్యపీఠం మీద అడిగింది పెళ్లి సంగతి, చెప్పింది పెళ్లి సంగతి. పగ గురించి ఎవరడిగారు?

కృష్ణలంక కరకట్ట:
నువ్వు వదలవని తెలుసులే అన్నా.

సత్యనారాయణపురం చిన్నోడు:
ఇదంతా నాన్నమ్మకి చదివి వినిపించాను. పేకాట దగ్గర మాత్రం "ఊఁ" అంది. తర్వాత "శకుని సంగతి మీరంతా కొట్టుకుంటున్నారు. ఒక్కగానొక్క కూతురి పుట్టినరోజునాడు తల్లి పెట్టెలోకి చూస్తే నగలు కనబడ్డాయి, కూతురు కనబడలేదు. దాన్ని ఒక్కడూ అడగలేదేంరా?" అంది. మా చెల్లి మళ్లీ రిమోట్ తీసుకుంది.