‘సెట్’ అనే మాటకి తెలుగులో ఏం రాయాలి?

ప్రశ్న

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం ఈమధ్యే మొదలుపెట్టాను. ‘సెట్’ దగ్గర బండి ఆగిపోతోంది. నిఘంటువు తెరిస్తే ఉంచు, అమర్చు, నిర్ణయించు, గట్టిపడు, అస్తమించు, సమితి, జత... ఒకదానికొకటి పొంతన లేదు. పర్యాయపదాల పుస్తకమేమో పుట్, ప్లేస్, ఫిక్స్, ఎస్టాబ్లిష్, హార్డెన్ అన్నిటినీ ఒకే వరసలో పెట్టింది. ఇవి నిజంగా పర్యాయపదాలేనా? ఎక్కడ ఏది వాడాలో తేల్చుకునే కిటుకు ఏమైనా ఉందా?

జవాబు 1

పొంతన లేదనిపించడంలో మీ తప్పేం లేదండి. అక్కడున్నది ఒక మాట కాదు, రెండు. క్రియ పాత ఇంగ్లిష్ ‘సెట్టన్’ నుంచి వచ్చింది. ‘సిట్’ కూర్చోవడమైతే ‘సెట్’ కూర్చోబెట్టడం. గుంపు, జట్టు అనే నామవాచకం లాటిన్ ‘సెక్టా’ నుంచి పాత ఫ్రెంచ్ మీదుగా వచ్చింది, ‘సెక్ట్’కి తోబుట్టువు. రూపం ఒకటే కావడంతో రెండూ కలగలిసిపోయాయి. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ నిఘంటువు రెండో ముద్రణలో ఈ క్రియకి 430 అర్థాలు, వాటి వివరణకే దాదాపు 60,000 పదాలు. తర్వాతి సవరణలో ‘రన్’ దీన్ని దాటేసింది, క్రియగానే 645 అర్థాలతో.

జవాబు 2

కిటుకు ఉంది. ‘సెట్’ని చూడకండి, దాని పక్కనున్న కర్మని చూడండి. తెలుగు క్రియని ఎంచేది అదే.

నిప్పు, అలారం, గడువు, షరతు, హద్దు వస్తే మన ‘పెట్టు’ చాలు. ‘పెట్టు’ కూడా ‘సెట్’ అంత గడుసుదే, ఏ నామవాచకం పక్కనైనా ఒదిగిపోతుంది. ఉచ్చు అయితే పన్నుతాం. కవితకైతే బాణీ కడతాం. రికార్డు నెలకొల్పుతాం. విరిగిన ఎముకని సరిచేసి కట్టుకడతాం. అచ్చు అక్షరాలైతే కూర్చుతాం. ప్రశ్నపత్రం తయారుచేస్తాం. ‘సెట్ ఫ్రీ’ అంటే విడిచిపెట్టడం. ఉంగరంలో రాయిని పొదుగుతాం, గుడ్ల మీద కోడిని పొదగబెడతాం. సరదా ఏమిటంటే ఈ రెండు చోట్లా ఇంగ్లిష్‌లోనూ ‘సెట్’నే వాడతారు. నవల ఫలానా ఊళ్లో ‘సెట్’ అయిందంటే ‘అమర్చబడింది’ అని రాసేవాళ్లున్నారు, చదవలేం. ‘కథ ఆ ఊళ్లో నడుస్తుంది’ అంటే సరి.

పర్యాయపదాల సంగతికొస్తే, వాక్యంలో మార్చి చూడండి. ‘సెట్ ద క్లాక్’లో ‘అడ్జస్ట్’ పడుతుంది. ‘ప్లేస్’ వేస్తే గడియారం ఎక్కడో ఉంచినట్టవుతుంది, టైం మారదు. ‘సెట్ ఎ రికార్డ్’లో ‘ఎస్టాబ్లిష్’ పడుతుంది, ‘అడ్జస్ట్’ వేస్తే అంకెలు తారుమారు చేసినట్టు! అవన్నీ ‘సెట్’కి చుట్టాలే కానీ ఒకదానికొకటి ఏమీ కావు.

జవాబు 3

కర్మ లేని వాక్యాలు విడిగా చూడాలి. సూర్యుడు అస్తమిస్తాడు, జిగురు బిగుసుకుంటుంది, వాన ‘సెట్ ఇన్’ అయితే ముసురు పట్టింది అంటాం. ‘సెట్ ఇన్’ అయ్యేవి చాలావరకు అక్కర్లేనివి, ఓపట్టాన వదలనివి: చలి, ఇన్ఫెక్షన్, నిరాశ. అందుకే ‘మొదలైంది’ కంటే ‘పట్టుకుంది’, ‘ఆవరించింది’ బాగా కుదురుతాయి.

సాంకేతిక అనువాదంలో దెబ్బతినేది సిమెంటు దగ్గర. నీళ్లు కలిపిన సిమెంటు మెత్తదనం పోయి బిగియడం ‘సెట్టింగ్’, గంటల్లో అయిపోతుంది. ఆపైన రోజుల తరబడి బలం పుంజుకోవడం ‘హార్డెనింగ్’. కాంక్రీటు బలాన్ని సాధారణంగా 28 రోజులకి కొలిచేది అందుకే. రెండింటికీ ‘గట్టిపడటం’ అని రాస్తే, చదివినవాడు సాయంత్రానికే బరువు ఎక్కించేస్తాడు. మొదటిది బిగుసుకోవడం, రెండోది గట్టిపడటం అని చివరిదాకా తేడా పాటించండి.

కోర్టు ఉత్తర్వుని ‘సెట్ అసైడ్’ చేస్తే ‘పక్కన పెట్టింది’ అనకండి, వాయిదా వేసినట్టు వినిపిస్తుంది. కొట్టేసింది అనాలి. ‘సెట్ ఆఫ్’ ఒక్కటే ప్రయాణంలో బయలుదేరడం, అలారంతో మోగేలా చేయడం, బాంబుతో పేల్చడం, లెక్కల్లో రావాల్సినదాంట్లోంచి ఇవ్వాల్సింది మినహాయించుకోవడం. గణితంలో సమితి, శూన్య సమితి స్థిరపడిన మాటలు, వాటిని కదపొద్దు. టెన్నిస్‌లో సెట్‌ని సెట్ అనే ఉంచండి.

అడిగినవారు

చాలా ఉపయోగపడింది, ధన్యవాదాలు. తిరుగుదారి మాటేమిటి? ‘ఆ రంగు నీకు సెట్ కాలేదు’ లాంటివి ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు?

జవాబు 2

అక్కడ ‘సెట్’ని ముట్టుకోవద్దు. మన వాడుకలో అది దారి మార్చేసింది. రంగు సెట్ కాకపోతే ఇంగ్లిష్‌లో ‘సూట్’. ఇద్దరికీ సెట్ కాలేదంటే ‘డిడ్ నాట్ గెట్ ఎలాంగ్’. ఉద్యోగంలో సెట్ అయ్యాడంటే ‘సెటిల్డ్’. మూత సెట్ కాలేదంటే ‘ఫిట్’. వీటిలో ఏ ఒక్కదానికీ ఇంగ్లిష్‌వాళ్లు ‘సెట్’ అనరు.

ఇంకొకటి: భూతకాలంలో కూడా ‘సెట్’ అనే రాయాలి, ‘సెట్టెడ్’ లేదు. ‘సెటప్’ నామవాచకమైతే కలిపి రాయాలి, క్రియ అయితే ‘సెట్ అప్’ అని విడదీయాలి.