అప్‌డేట్: శబ్దం వినగానే కుందేలు గుండె నెమ్మదించడం పొరపాటు కాదు

మొన్న నేనడిగింది ఇది: బరంపురంలో మా తెలుగు పీజీ బ్యాచ్‌కి ఇచ్చిన పాత ఈసీజీ రికార్డుల్లో, శబ్దం వెంటనే చిన్న షాక్ వస్తుందని నేర్చుకున్న కుందేలుకు శబ్దం వినగానే గుండె వేగం తగ్గుతోంది, ఎందుకని? జవాబు చెప్పినవాళ్లందరికీ దండాలు.

భయమంటే మనకు గుండె దడే గుర్తొస్తుంది. కదలకుండా కట్టడిలో ఉన్న కుందేలులో మాత్రం గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరానిదే పైచేయి. మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా మధ్య కేంద్రకం నుంచి సంకేతం మెదడు అడుగుభాగమైన మెడుల్లాకు, అక్కణ్ణుంచి వేగస్ మీదుగా గుండె లయను నడిపే ఎస్‌ఏ నోడ్‌కు వెళ్తుంది. 1979లో పరిశోధకుడు కాప్ బృందం కుందేళ్లలో ఆ కేంద్రకాన్ని దెబ్బతీస్తే ఈ నెమ్మదింపు బాగా తగ్గిపోయింది. పావురంలోనైతే వేగం పెరుగుతుంది. అక్కడ గుండెను వేగిరపరిచే సింపథెటిక్ నరాలు, వేగస్ సడలింపు రెండూ కలిసి పనిచేస్తాయి.

లెక్క కట్టేటప్పుడు జాగ్రత్త. ఆర్-ఆర్ వ్యవధి (ఈసీజీలో వరుసగా వచ్చే రెండు ఆర్ శిఖరాల మధ్య సమయం) 250 మిల్లీసెకన్లయితే గుండె వేగం నిమిషానికి 240. అది 270 అయితే 222. ఆర్ తర్వాత వచ్చే టీ తరంగాన్ని సాఫ్ట్‌వేర్ ఆర్‌గా పట్టుకుంటే వేగం రెట్టింపు కనిపిస్తుంది, కాబట్టి గ్రాఫ్ పెద్దది చేసి కంటితో చూడాల్సిందే. ఊపిరితోనూ వ్యవధి ఊగుతుంది. శబ్దానికి ముందు 5 సెకన్ల సగటుతో పోల్చండి.

కొత్త శబ్దానికి షాక్ లేకపోయినా గుండె కాస్త నెమ్మదిస్తుంది. అందుకే ముందు ఉత్త శబ్దం పదేపదే వినిపించి ఆ స్పందన చచ్చాకే శబ్దానికి షాక్‌ను జోడించాలి. శబ్దం, షాక్ విడివిడిగా అందుకున్న గుంపు లేకపోతే ఆ నెమ్మదింపు నేర్చుకున్నదే అని చెప్పలేం.

మందు వాడిన రికార్డులుంటే అట్రోపిన్ (వేగస్ ప్రభావాన్ని అడ్డుకునే మందు) ఏ రూపమో చూడండి: సల్ఫేట్ మెదడులోకీ వెళ్తుంది, మిథైల్ నైట్రేట్ చాలావరకు బయటే ఆగుతుంది.