వాక్యం తేలిగ్గా చెప్పాలా, లోతుగా చెప్పాలా?

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
అందరికీ వందనాలు. నేను పాస్టర్ని కాను, స్కూలు టీచర్ని. మా అయ్యగారు రాలేని ఆదివారాలు పక్క ఊరి సంఘంలో వాక్యం (బైబిలు ప్రసంగం) నేనే చెబుతాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది కూలి పనివాళ్లు. తాగుడు, అప్పులు, అత్తాకోడళ్ల తగవుల మీద చెబితే తలలూపుతారు, "మా ఇంటి సంగతే చెప్పావు బాబూ" అంటారు. వెనక బెంచీలో డిగ్రీ కుర్రాళ్లు మాత్రం "మాస్టారూ, ప్రతివారం ఇదేనా" అని మొహం మీదే అడిగేశారు. వాళ్లు ఫోన్లో హైదరాబాద్ ప్రసంగాలు వింటారు మరి. సరేనని బైబిల్లో పౌలు ఉత్తరం ఎఫెసీ పత్రికని వచనం వెంట వచనం మొదలుపెడితే, మొదటి అధ్యాయం సగానికే ముందు వరుసలో పెద్దాయన గురక. (పౌలు చెబుతుంటేనే ఐతుకు నిద్రలో మూడో అంతస్తు నుంచి పడిపోయాడు, మనమెంత!) ఒకే గంటలో రెండూ ఎలా? లేక లోతైన బైబిలు స్టడీ వేరే రోజు పెట్టుకోవాలా?

వంశధార, గుణుపూర్:
మాస్టారూ, ఎఫెసీలో మొదటి మూడు అధ్యాయాలూ దేవుడు చేసింది, తర్వాతి మూడూ మనం చెయ్యాల్సింది. నాలుగో అధ్యాయంలో దొంగిలించేవాడు ఇక మానేసి, కష్టపడి, లేనివాడికి పెట్టాలన్న మాటతో మొదలుపెట్టి, ఎందుకో చెప్పడానికి వెనక్కి తీసుకెళ్లండి. ఎవరూ నిద్రపోరు.

నా బాధ వేరే. తేలిక ప్రసంగం పేరుతో ముందూ వెనకా చదవకుండా చెప్పేస్తున్నాం. మీకు మేలే తలపెట్టాను, కీడు కాదన్న దేవుని మాట, యిర్మీయా 29:11, క్యాలెండర్ల మీద అదే, పరీక్షలు రాసే పిల్లలకి అదే. దాని పై వచనంలో డెబ్బయి ఏళ్లు అని ఉంది. అది యిర్మీయా ప్రవక్త బబులోను చెరలో ఉన్న యూదులకి రాసిన ఉత్తరం. అంటే అక్కడ ఆ ఉత్తరం విన్న పెద్దలు చాలామంది మళ్లీ సొంతూరు చూడరు. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, మిమ్మల్ని చెరగా తీసుకుపోయిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థించండి అంటాడు. మా స్త్రీల కూటంలో ఇది చెబితే, కొడుకు చెన్నైలో తాపీ పనికి పోయిన ఒకామె లేచి, "వాడి కూలి ఎగ్గొట్టిన మేస్త్రీ కోసం కూడానా అమ్మా?" అంది. ఆమెకి చదువు రాదు. ఆ ప్రశ్నకి మాలో ఎవరికీ వెంటనే నోరు పెగల్లేదు.

నాగావళి, రాయగడ:
అక్కా, బాగా చెప్పారు. కానీ ఆదివారం మైకు ముందు ఆమె అలా అడగగలదా? అందుకే స్టడీ వేరే రోజు, ఎవరింట్లోనైనా పెట్టాలంటాను. అపొల్లో అంతటి వక్తకి కూడా అకుల, ప్రిస్కిల్ల విడిగా పిలుచుకునే విడమరచి చెప్పారు.

ఇంకో చిక్కుంది. 1936లో మన ప్రాంతాలు ఒడిశాలో కలిశాయి. ఇప్పుడు మా పిల్లలవి ఒడియా మీడియం చదువులు. తెలుగు మాట్లాడతారు, కీర్తనలు పాడతారు, తెలుగు బైబిలు తెరిస్తే మాత్రం అక్షరాలు రావు. వాళ్లని "పై వచనం చూడండి" అంటే ఏం చూస్తారు? మా ఇంటి కూటంలో ఒకే భాగాన్ని ఒకరు తెలుగులో, ఇంకొకరు ఒడియాలో చదివాకే మాటలు మొదలవుతాయి. టైము పడుతుంది, పట్టనీ.

వంశధార, గుణుపూర్:
ఇంట్లో పెట్టు తమ్ముడూ, కాదనను. కానీ ఆదివారం కాస్తయినా రుచి చూపించకపోతే ఆ కూటానికి కుర్రాళ్లు తప్ప ఎవరూ రారు.

మహేంద్రతనయ, పర్లాకిమిడి:
ఇద్దరికీ వందనాలు. ఎఫెసీ పక్కన పెట్టి ముందు బైబిల్లో రూతు గ్రంథం తీసుకుంటాను. నాలుగే అధ్యాయాలు. కరువుకి ఊరొదిలిన కుటుంబం, కోతయ్యాక చేలో రాలిన పరిగె ఏరుకునే కోడలు... మా వాళ్లకి పరిగె అంటే ఏంటో నేను చెప్పక్కర్లేదు. పొలం అంచుల దాకా కొయ్యొద్దన్న ఆజ్ఞ లేవీయకాండం 19లో ఉంది, దాన్ని వెతికి చెప్పే పని ఆ డిగ్రీ కుర్రాళ్లకే ఇస్తా. నాగావళి గారూ, వాళ్లలో ఒకడికి ఒడియా చదవడమే వచ్చు. మందిరంలో ఒడియా వినిపిస్తే పెద్దలు నొచ్చుకోరా?

నాగావళి, రాయగడ:
మొదట్లో మా దగ్గరా గొణిగారు. ముందు వరుసలో తాత కూర్చునే కుర్రాడితో మొదలుపెట్టండి. మనవడు చదువుతుంటే ఏ తాతా గొణగడు.