సుకుబా ఎక్స్‌ప్రెస్: మొదటి రోజే 8 బోగీలు పెట్టాల్సిందా?

గేజ్1067:
టోక్యోలోని అకిహబరా నుంచి సుకుబా దాకా 58.3 కి.మీ. లైను ఇది. 2005 ఆగస్టు 24న 6 బోగీల బళ్లతో మొదలైంది. తొలి ఏడాది రోజుకు దాదాపు లక్షన్నర మంది ఎక్కితే, 2019 నాటికి 3.9 లక్షలు దాటారు. టోక్యోలోని కిటా-సెంజు స్టేషన్ చేరేసరికి పొద్దుటి రద్దీ బండి సామర్థ్యంలో 170 శాతం దాకా వెళ్లింది. ఇప్పుడు 8 బోగీలు చేస్తారట, అదీ 2030ల్లో. కొత్తగా కట్టేటప్పుడే చేసుంటే ఇంత తిప్పలుండేది కాదు. బళ్లు ఆపకుండా ప్లాట్‌ఫారాలు పొడిగించడం ఎంత నరకమో కట్టేవాళ్లకు తెలియదా?

అంచనాల రావు:
మీరు 2019లో నిలబడి 2005ని చూస్తున్నారండీ. 1989 చట్టం కింద ఇళ్ల స్థలాలూ రైలూ కలిపి వేసిన లైను ఇది. తెరిచిన రోజున చాలా స్టేషన్ల చుట్టూ ఖాళీ స్థలాలే. పక్కనే 1996లో వచ్చిన తోయో రాపిడ్ లైన్‌కి అనుకున్నంత జనం రాలేదు, టికెట్ ధర ఆకాశంలో ఉంది. ఆ ఉదాహరణ కళ్లెదుట ఉండగా ఎవరైనా చేయి వెనక్కే తీస్తారు. మొదట్లో 30 బళ్లు, అంటే 180 బోగీలు కొన్నారు. తలా రెండు కలిపితే ఇంకో 60. కొనడానికి అప్పు, నడపడానికి కరెంటు, షెడ్డులో మరమ్మతు... కూర్చునేవాళ్లు లేకుండానే. పైగా 8 బోగీలకు చోటు ముందే వదిలారు కదా!

రాత్రి షిఫ్టు:
చోటు వదలడం వేరు, ప్లాట్‌ఫారం సిద్ధంగా ఉండడం వేరు. ఒక్కో బోగీ 20 మీటర్లు, అంటే ప్లాట్‌ఫారం 40 మీటర్లు పెరగాలి. అక్కడితో అయిపోదు. ఈ లైన్లో మొదటినుంచీ ప్లాట్‌ఫారం గేట్లున్నాయి, గార్డు లేడు, డ్రైవర్ ఒక్కడే. అందుకని ఒక్కో పట్టాకి ఇంకో 8 గేట్లు, వాటికి వైర్లు, డ్రైవర్ చూసుకునే కెమెరాలు, బండి ఆగే స్థానం, సిగ్నల్ సర్దుబాటు, సబ్‌స్టేషన్ సామర్థ్యం అన్నీ చూడాలి. ఆఖరి బండి వెళ్లాక కరెంటు ఆపి, ఎర్తింగ్ చేసి, సామాను దింపి, తెల్లారేలోపు అంతా తీసేసి పట్టాలు అప్పగించాలి. చేతికి మిగిలేది రెండు మూడు గంటలు. బోగీలు తర్వాత కొనుక్కున్నా, కనీసం కాంక్రీటు అప్పుడే పోసి ఉండాల్సింది. మన హైదరాబాద్ మెట్రోలో 6 బోగీలకు ప్లాట్‌ఫారం కట్టి 3 బోగీలు నడుపుతున్నారే, ఆ పద్ధతి ఇక్కడ సరిగ్గా సరిపోయేది.

గేజ్1067:
అదే కదా నేననేది. బళ్ల సంఖ్య పెంచి లాగిద్దామనీ చూశారు. 2020 మార్చిలో పీక్ గంటకు 22 నుంచి 25 చేశారు, దానికి 5 కొత్త బళ్లు కొన్నారు. 25 అంటే 144 సెకన్లకొకటి. అకిహబరాలో ఉన్నది ఒక ప్లాట్‌ఫారం, రెండు వైపులా రెండు పట్టాలు. ఒక్కో పట్టాకి 288 సెకన్లు. అందులోనే బండి వచ్చి, జనం దిగి, ఎక్కి, తిరిగి బయల్దేరాలి. ఒకడు తలుపులో సంచి ఇరికించాడంటే వెనక బళ్లన్నీ ఆగుతాయి.

ఏసీడీసీ:
లైను మధ్యలో ఉన్న మోరియా స్టేషన్‌ని అందరూ మర్చిపోతున్నారు. ఇషియోకా ఊరి దగ్గర కకియోకాలో భూ అయస్కాంత పరిశీలనా కేంద్రం ఉంది. డీసీ కరెంటు పట్టాల్లోంచి నేలలోకి జారితే అక్కడి కొలతలు పాడవుతాయి. అందుకే మోరియా దాకా 1,500 వోల్టుల డీసీ, ఆ పైన 20,000 వోల్టుల ఏసీ. తొలి 30 బళ్లలో 14 డీసీతోనే నడిచేవి, మోరియా దాటలేవు. రెండూ తట్టుకునే బోగీకి ఖర్చు ఎక్కువ. మరి జనం నలిగిపోతున్నది దక్షిణాన, టోక్యోకి దగ్గరున్న నగరేయామా, యాషియో ఊళ్ల వైపు. మోరియాలో తిరిగే డీసీ బళ్లను ముందు 8 చేసి, అవి ఆగే స్టేషన్లలోనే పని మొదలుపెడితే సగం సమస్య ముందే తీరుతుంది.

అంచనాల రావు:
కాగితం మీద బాగుంది. సుకుబా నుంచి వచ్చే రాపిడ్లు, అంటే తక్కువ చోట్ల ఆగే బళ్లు, నగరేయామా ఒటాకనోమోరి స్టేషన్‌లో ఆగుతాయండీ, జనం వేగంగా పోయే బండే ఎక్కుతారు. మీ పొడుగు డీసీ లోకల్ సగం ఖాళీగా వెళ్తుంది. వేరే బండి ఏదైనా చెడిపోతే దాని బదులు ఈ డీసీ బండిని సుకుబాకి పంపలేరు కూడా.

రాత్రి షిఫ్టు:
ఆ నగరేయామా సంగతే అసలు లెక్క తప్పించింది. ఒటాకనోమోరి స్టేషన్ దగ్గర పిల్లల్ని దింపితే అక్కడినుంచి బస్సులో బాలవాడీలకు తీసుకెళ్లే ఏర్పాటు పెట్టింది ఆ నగర పాలక సంస్థ. ఉద్యోగం చేసే తల్లిదండ్రులు వరస కట్టారు, జనాభా 2 లక్షలు దాటింది. పిల్లల్ని దింపిన వాళ్లంతా ఒకే అరగంటలో రైలెక్కుతారు. రోజు మొత్తం లెక్క చూసి బోగీలు నిర్ణయిస్తే ఆ అరగంట ఎక్కడా కనపడదు.