ఆఫీసులో ఎంత చేసినా గుర్తింపు లేదు, మనసు విరిగిపోయింది. విశ్వాసులుగా మీరు ఎలా నిలబడుతున్నారు?

ప్రశ్న

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. రాయాలా వద్దా అని చాలా రోజులు ఊగిసలాడాను, ఈ రోజు ఇక ఆగలేకపోయాను.

ఆరేళ్లుగా ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తున్నాను. నెలాఖరు వచ్చిందంటే లెక్క తేలేదాకా సీట్లోంచి లేవను, ఎవరి ఎంట్రీలో తప్పు వచ్చినా చివరికి నా దగ్గరికే వస్తుంది, వెతికి పట్టుకుని సరిచేసి పంపేది నేనే. పోయిన నెల ఒక పెద్ద మీటింగ్ కోసం మూడు వారాలు కూర్చుని రిపోర్ట్ తయారు చేశాను. మొదటి పేజీ అడుగున చిన్న అక్షరాలతో "తయారు చేసినవారు" అని నా పేరు పెట్టాను, అంతే. మీటింగ్‌లో స్క్రీన్ మీద అదే పేజీ వచ్చింది. ఆ లైన్ లేదు. పేరు తీసేశారు గానీ ఆ ఖాళీని సర్దలేదు, పేజీ అడుగున తెల్లగా అలాగే ఉంది. మా మేనేజర్ నిలబడి అంతా తానే చేసినట్టు వివరించారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేను కూడా కొట్టాను.

తర్వాతి వారం ప్రమోషన్ల లిస్ట్ వచ్చింది. నేను దగ్గర కూర్చోబెట్టుకుని పని నేర్పిన అమ్మాయి పేరు అందులో ఉంది. ఆ అమ్మాయి మంచిది, ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు, అయినా ఆ రోజు "కంగ్రాట్స్" అని చెప్పడానికి రెండుసార్లు లేచి మళ్లీ కూర్చున్నాను. రాత్రి ప్రార్థనకు మోకరించాను, ఒక్క మాట కూడా రాలేదు.

సంఘంలో ఒక పెద్దావిడకు చెప్పుకుంటే "మనుషుల కోసం కాదు కదమ్మా, ప్రభువు కోసం చేస్తున్నావు, ఇంక బాధ దేనికి" అన్నారు. ఆ మాట వాక్యమే, కాదనను. కానీ విన్నాక ఇంకా కుంగిపోయాను, ఎందుకంటే ఇప్పుడు బాధతో పాటు, బాధపడుతున్నందుకు తప్పు చేసినట్టు కూడా ఉంది. గుర్తింపు కావాలనుకోవడం గర్వమా? ఓపిక పట్టాల్సింది ఎక్కడిదాకా, నోరు తెరిచి అడగాల్సింది ఎప్పుడు? ఈ దారిలో నడిచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

జవాబు 1

సిస్టర్, మీ కోసం ప్రార్థన చేశాను. నా సలహా అయితే మౌనంగా ఉండండి. మనుషులతో వాదిస్తే మన సాక్ష్యం పోతుంది. దేవుడు తన సమయంలో హెచ్చిస్తాడు, బైబిల్లోని యోసేపును చూడండి, చెరసాల నుంచి నేరుగా సింహాసనం పక్కకు వెళ్లాడు. ఆయన చేతికి వదిలేయండి.

జవాబు 2

అక్కా, నేను నర్సుని, ఎక్కువగా నైట్ డ్యూటీలే. మీ మొదటి ప్రశ్నకు మాత్రమే చెప్తాను, రెండోదానికి నాకంటే తెలిసినవాళ్లు ఉంటారు.

గుర్తింపు కావాలనుకోవడం గర్వం కాదని నాకు అర్థమైంది బైబిల్లో అబ్రాము భార్య శారయికి దాసిగా ఉన్న హాగరు దగ్గర. ఆదికాండము 16 ఒకసారి నెమ్మదిగా చదవండి. శారయి ఆమె గురించి మాట్లాడినప్పుడు "నా దాసి" అంటుంది, అబ్రాము "నీ దాసి" అంటాడు, ఆ అధ్యాయంలో వాళ్లిద్దరి నోట ఆమె పేరు ఒక్కసారి కూడా రాదు. అందరికీ ఆమె చేసే పని కావాలి, ఆమె అక్కర్లేదు. ఇంట్లోంచి పారిపోయి అరణ్యంలో నీటి బుగ్గ దగ్గర కూర్చున్నప్పుడు దేవుని దూత వచ్చి మొట్టమొదట పలికింది ఆమె పేరు, ఆ తర్వాత "ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి వెళ్లుచున్నావు" అని అడిగాడు. అంతా తెలిసినవాడే, అయినా ఆమె నోటితో చెప్పించుకున్నాడు. అప్పుడు ఆమె దేవునికి ఒక పేరు పెట్టింది, చూచుచున్న దేవుడవు అని. నన్ను ఎవరైనా చూడాలి అనే ఆకలి పాపమైతే దేవుడు అక్కడ ఆమెను గద్దించి ఉండేవాడు కదా. ఆ ఆకలి తీర్చాడు.

నాకు ఒక రాత్రి గుర్తుంది. ఒక ముసలావిడ, మాట పడిపోయింది, చూడటానికి ఎవరూ రావట్లేదు, జుట్టంతా చిక్కులు పడి ఉంది. తెల్లవారుజామున కాస్త ఖాళీ దొరికితే కూర్చుని కొసల నుంచి ఒక్కో చిక్కు విప్పి దువ్వి జడ వేశాను. డ్యూటీ మారేటప్పుడు రాసే రిజిస్టర్‌లో దానికి గడి లేదు. మందులు రాయాలి, బీపీ రాయాలి, జడ వేశానని ఎక్కడ రాస్తాం? ఉదయం డ్యూటీకి వచ్చినవాళ్లు "బెడ్‌షీట్ ఎందుకు మార్చలేదు" అని అందరి ముందు అరిచారు. బస్సులో వెళ్తూ బాగా ఏడ్చాను, ఏడుస్తూనే హాగరు చెప్పిన మాట చెప్పుకున్నాను, చూచుచున్న దేవుడవు నీవే అని. ఏడుపు ఆగిందని చెప్పను. కానీ ఆ జడను చూసినవాడు ఒకడున్నాడని ఆ రోజు నాకు గట్టిగా తెలిసింది, ఇప్పటికీ అది పోలేదు.

మోకరిస్తే మాట రాలేదన్నారు కదా, 62వ కీర్తనలో "ఆయన సన్నిధిని మీ హృదయములు కుమ్మరించుడి" అని ఉంది. సర్దుకుని, శుభ్రం చేసుకుని రమ్మనలేదు, కుమ్మరించమన్నాడు. ఆ ఖాళీ లైన్ గురించి, రెండుసార్లు లేచి కూర్చోవడం గురించి మాకు రాసినట్టే ఆయనకు చెప్పండి అక్కా. అదే ప్రార్థన.

జవాబు 3

మొదట జవాబిచ్చిన బ్రదర్ ప్రేమతోనే చెప్పారు, కానీ ఆ సలహాతో నేను ఏకీభవించను, ఎందుకంటే యోసేపు మౌనంగా లేడు. ఆదికాండము 40:14, 15 చూడండి. తనతో పాటు చెరసాలలో ఉన్న, ఫరో రాజుకు పానం అందించే పానదాయకుల అధిపతితో సూటిగా అడిగాడు, నీకు మంచి జరిగినప్పుడు నన్ను జ్ఞాపకం చేసుకో, ఫరోతో నా గురించి మాట్లాడు, నన్ను ఇక్కడ వేయడానికి నేనేమీ చేయలేదు అని. అడిగాడు, అన్యాయాన్ని అన్యాయం అన్నాడు. ఆ మనిషి మర్చిపోయాడు, రెండేళ్లు. దేవుడు మర్చిపోలేదు. అడగడమూ, దేవుని మీద ఆనుకోవడమూ రెండూ ఒక్క మనిషిలోనే ఉన్నాయి.

యాకోబు సంగతి ఇంకా మీకు దగ్గరగా ఉంటుంది. మామ లాబాను దగ్గర 20 ఏళ్లు చేశాడు, పదిసార్లు జీతం మార్చారు. 31వ అధ్యాయంలో నోరు తెరిచాడు చూడండి, పగటి ఎండకు రాత్రి మంచుకు క్షీణించిపోయాను, నిద్ర నా కన్నులకు దూరమైంది అని. అన్నేళ్లు మనసులో లెక్కపెట్టుకున్న మనిషి మాటలవి. చివర్లో దేవుడు "నా చేతుల కష్టమును" చూశాడంటాడు.

అపొస్తలుడైన పౌలు, అతని తోటివాడు సీల ఫిలిప్పీ పట్టణ చెరసాలలో అర్ధరాత్రి పాటలు పాడారని మనం ఎన్నోసార్లు విన్నాం. తెల్లారాక ఏం జరిగిందో అంతగా వినం. అధికారులు గుట్టుగా పంపించేద్దామనుకుంటే పౌలు కదల్లేదు, విచారణ లేకుండా అందరి ముందు కొట్టించారు, వాళ్లే వచ్చి మమ్మల్ని బయటికి తీసుకెళ్లాలి అన్నాడు (అపొస్తలుల కార్యములు 16:37). రాత్రి పాడిన నోరే పొద్దున అడిగింది, దానివల్ల సాక్ష్యమేమీ పోలేదు.

కాబట్టి సిస్టర్, అడగండి. కోపం మీద ఉన్న రోజు మాత్రం వద్దు.

జవాబు 1 రాసిన బ్రదర్

అన్నా, 40:14 నేను ఎప్పుడూ అలా ఆలోచించి చదవలేదు. మీరన్నది నిజం. సిస్టర్, మౌనంగా ఉండమన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, ప్రార్థన మాత్రం మానను.

జవాబు 4

నేను అవతలి వైపు కుర్చీలో ఉన్నవాణ్ణి, పదకొండు మంది టీంకు లీడ్‌ని. మీ పోస్ట్ చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను.

మా టీంలో ఒకతను ఉండేవాడు, మాట తక్కువ, పని ఎప్పుడూ ఆలస్యం కాదు. పై వాళ్లు మెచ్చుకున్న ప్రతిసారీ "మా టీం చేసింది" అనేవాణ్ణి, అతని పేరు చెప్పాలని తోచేది కాదు. దురుద్దేశం లేదు, కానీ లేకపోతే ఏం, జరిగింది అదే. అతను రాజీనామా చేసి వెళ్తూ ఒక ఫైల్ ఇచ్చాడు. తెరిచి చూస్తే ఒక్కో కస్టమర్‌కు ఒక్కో పేజీ, ఈయనకు ఉదయం ఫోన్ చేయకూడదు, ఈమెకు బిల్లు ముందే పంపి వివరించాలి, వీళ్లు ఒకసారి మన వల్ల నష్టపోయారు కాబట్టి జాగ్రత్త, ఇలా. మూడేళ్లుగా గొడవలు లేకుండా పని సాగిందంటే కారణం నా సామర్థ్యం అనుకున్నాను. ఆ రాత్రి ఫోన్ చేసి క్షమాపణ అడిగాను. "పర్వాలేదు సార్" అన్నాడు, కానీ అతనికి అది పర్వాలేని విషయం కాదని గొంతులో తెలిసింది.

మీ సంఘంలో ఆవిడ చెప్పిన వాక్యం కొలొస్సయులకు 3లోది. పౌలు ఆ పత్రికను అధ్యాయాలుగా విడగొట్టి రాయలేదు. పనివాళ్లకు చెప్పిన వెంటనే 4:1లో యజమానుల వైపు తిరిగి, పరలోకంలో మీకూ యజమానుడున్నాడు, న్యాయమైనది చేయండి అంటాడు. మొదటి సగం పనివాళ్లకు వినిపించి రెండో సగం నాలాంటి వాళ్లకు వినిపించకపోతే అది సగం వాక్యమే.

ఇంకో మాట, మీ రిపోర్ట్‌లో తీసేసిన లైన్ గురించి. రోమీయులకు పత్రిక పౌలు చెప్తుంటే రాసింది తెర్తియు. 16:22లో "ఈ పత్రిక వ్రాసిన తెర్తియు అను నేను" అని అతను స్వయంగా వందనాలు చెప్తాడు. మీరు పెట్టుకున్న లైన్ లాంటిదే అది. పౌలు దాన్ని తీసేయించలేదు. అదే అధ్యాయంలో ఎంతమంది పేర్లు రాయించాడో, త్రుఫైనా, త్రుఫోసా, పెర్సిసు ప్రభువునందు ప్రయాసపడ్డారని పేరుపేరునా. దేవుని వాక్యంలో నిలిచిపోయిన ఆ లైన్ చూశాక, పేరు పెట్టుకోవడం గర్వమని మీతో ఎవరన్నా నమ్మకండి.

అడిగేటప్పుడు ఎలా అడగాలంటే, లీడ్‌గా చెప్తున్నాను, "నాకు బాధేసింది" దగ్గర మొదలుపెడితే నాలాంటివాళ్లు వెంటనే సమర్థించుకోవడం మొదలుపెడతారు. ఈ ఏడాది మీరు చేసినవి ఒక కాగితం మీద తేదీలతో రాసుకెళ్లండి. ఆ లైన్ ఎందుకు తీశారో ప్రశ్నగానే అడగండి, నింద వేయకుండా. తర్వాత ప్రమోషన్‌కు నాలో ఏం తక్కువైందో స్పష్టంగా చెప్పండి అని అడిగి, వచ్చిన జవాబును అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. రెండు మూడుసార్లు అడిగినా దాటవేస్తుంటే వేరే చోట ప్రయత్నించడం అవిశ్వాసం కాదు. యాకోబు కూడా చివరికి సామాను సర్దుకున్నాడు.

జవాబు 5

ఒక్కటి మాత్రం కలుపుతాను. ఎస్తేరు గ్రంథం 2 చివర మొర్దెకై అనే యూదుడు రాజు ప్రాణం కాపాడతాడు, పుస్తకంలో రాసి మూసేస్తారు. 3వ అధ్యాయం మొదలవగానే పెద్ద పదవి వస్తుంది, ఎవరికి? హామాను అనే మరొకడికి. నాకు దక్కాల్సింది పక్కవాళ్లకు వెళ్లినప్పుడు నేను ఆ రెండు వచనాల మధ్య ఉన్న ఖాళీలోనే చాలా నెలలు ఉన్నాను. అక్కడ నన్ను భయపెట్టింది హామాను. అన్ని గౌరవాలూ దక్కాక కూడా మొర్దెకై ఒక్కడు తన ముందు లేచి నిలబడలేదని, ఇవన్నీ ఉండి ఏం ప్రయోజనం అంటాడు (5:13). గుర్తింపు కోరుకోండి, అడగండి, కానీ అది వచ్చాకే మనశ్శాంతి అని మాత్రం పెట్టుకోకండి. నేను అలా పెట్టుకున్నాను, ప్రమోషన్ వచ్చిన రాత్రి కూడా నిద్ర పట్టలేదు.

ప్రశ్న అడిగిన సిస్టర్

అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియట్లేదు. నర్సు చెల్లెమ్మా, నువ్వు చెప్పినట్టే నిన్న రాత్రి ఏదీ సర్దకుండా చెప్పేశాను ఆయనకు, ఆ అమ్మాయి మీద కోపం లేదని ఇక్కడ రాశాను కదా, అది పూర్తిగా నిజం కాదని ప్రార్థనలో తెలిసింది. పొద్దున్నే వెళ్లి ఆమెకు మనస్ఫూర్తిగా శుభాకాంక్షలు చెప్పాను. "అక్కా, మీరు నేర్పకపోతే నాకు ఏం వచ్చేది" అంది, ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాగితం రాయడం మొదలుపెట్టాను. నాలుగు లైన్లు వస్తాయేమో అనుకున్నాను, రెండో పేజీలో ఉన్నాను. మేనేజర్‌తో మాట్లాడటానికి గురువారం 11 గంటలకు టైం తీసుకున్నాను. చేతులు వణుకుతాయని తెలుసు, గొంతు కూడా. ఆ సమయానికి వీలైనవాళ్లు నా కోసం ఒక్క నిమిషం ప్రార్థించండి, మా మేనేజర్ మనసు కోసం కూడా.

జవాబు 2 రాసిన సిస్టర్

గురువారం నాకు నైట్ డ్యూటీ అక్కా, పగలు పడుకునే సమయం అది. 10:55కి అలారం పెట్టుకున్నాను.